రాత్రి పండగ

జరుగురా చిన్నోడా, గాలి మళ్లింది. పొగంతా నీ కళ్లలోకే కొడతంది. ఆ సరుగుడు మండ ఇట్టా పడెయ్. ఆఁ, అది బాగా ఎండింది, చూడు ఎట్టా అంటుకుందో.

మీ నాన్న నిన్న ఒంగోలు నుంచి తెచ్చి డాబా మీద కట్టాడే, రంగులు మారే నక్షత్రం, అది పొద్దున పది గంటలకి కూడా వెలుగుతానే ఉంది. తీసెయ్యమని నేను అనలేదు. ఆర్పమన్నా, అంతే. కరెంటు బిల్లు గురించి కాదు. పట్టపగలు నక్షత్రం వెలుగుతా ఉంటే నాకు పండగ పట్టదు. మా చిన్నప్పుడు క్రిస్మస్ పగలు వచ్చేది కాదు, రాత్రిళ్లు వచ్చేది.

ఎందుకంటావా? డిసెంబరంటే వరికోతలు. తెల్లారకముందే మా అమ్మ, పెద్దమ్మ, పల్లెలో ఆడోళ్లంతా కొడవళ్లు పట్టుకుని పొలానికి పోయేవాళ్లు. మళ్లీ ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకి. కోతకొచ్చిన వరి క్రిస్మస్ కోసం ఆగదు, రైతు అంతకన్నా ఆగడు. పైగా మాకు పండక్కి గుడ్డలు రావాలన్నా, బెల్లం రావాలన్నా ఆ కోత కూలి గింజలే దిక్కు. అందుకని పగలంతా పని, పండగంతా రాత్రి. పిండి దంచేది రాత్రి, నక్షత్రం కట్టేది రాత్రి, నాటకం నేర్చుకునేది రాత్రి. ఇరవై ఐదో తారీకు ఒక్కరోజే పగటి పండగ. ఆ రోజు ఆరాధనలో సగం మంది కూర్చునే నిద్రపోయేవాళ్లు. పాస్టరుగారు చూసి కూడా ఏమీ అనేవాళ్లు కాదు. ఆయనకీ కళ్లు మూతలు పడతానే ఉండేవి.

మన పాత పల్లె మీరెరగరు. ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో, బకింగ్‌హామ్ కాలువకి ఇవతల. అప్పటికి మనకి జిల్లా కూడా లేదు. ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో విడదీశారు, ఆ తర్వాత ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. పల్లెలో నలభై ఇళ్లు, ఒక్క గుడి. ఆ గుడే బడి. సోమవారం నుంచి శనివారం దాకా పలకలు, ఆదివారం పాటల పుస్తకాలు. గోడ మీద ఒకవైపు ఎక్కాలు, ఇంకోవైపు వాక్యం. నేను ఎక్కాలు నేర్చింది ఎక్కువగా ప్రసంగం జరిగేటప్పుడే.

సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి తప్పు లేకుండా అప్పజెబితే క్రిస్మస్‌కి ఒక బొమ్మకార్డు ఇచ్చేవాళ్లు. అమెరికాలో ఎవరో ఎవరికో పంపుకుంటే, వాళ్లు వాడేసినవి మూటగట్టి మిషన్‌కి పంపేవాళ్లు. వెనకాల ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది. నాకు వచ్చిన కార్డులో ఇళ్లూ చెట్లూ అన్నీ తెల్లగా ఉన్నాయి, ఇంటి కప్పు మీద జానెడు మందాన తెలుపు. మేం దాన్ని ఉప్పనుకున్నాం. మాకు తెలిసిన తెల్లటి కుప్పలు ఉప్పు కొఠార్లలోనే కదా. పాపం, ఆ ఊరి వాళ్ల ఇళ్ల మీదకి కూడా ఉప్పు గాలి కొడతంది కాబోలు అనుకున్నాం. హైస్కూలుకి వెళ్లేదాకా నాకు ఆ అనుమానం తీరలేదు. నవ్వుతారేం, మీరు ఆ ఫ్రిజ్ డబ్బాలో తప్ప మంచు ఎక్కడ చూశారు?

నక్షత్రం సంగతి చెప్తా. నెలపొడుపు చూసినట్టు డిసెంబరు మొదటి వారం నుంచి మా నాయన వెదురు కోసం చూసేవాడు. పాత నిచ్చెన విరిగినా, ఎవరి పాకైనా పీకినా ఆ వెదురు మా ఇంటికి చేరాల్సిందే. కత్తిపీట మీద కాదు, కొడవలితో చీల్చేవాడు, వేలు మందాన, రెండు మూరల పొడవు. ఐదు బద్దలు ఒక నక్షత్రం, ఇంకో ఐదు ఇంకో నక్షత్రం. రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొనలూ పురికొసతో బిగించి కట్టాలి. ఇప్పుడు అసలు కిటుకు ఉంది. లోపలి మూలలు ఐదు ఉంటాయి చూడు, అక్కడ జానెడు పుల్లలు రెండు నక్షత్రాల మధ్యన అడ్డం పెట్టాలి. అప్పుడు పొట్ట ఉబ్బుద్ది. ఉబ్బకపోతే దీపం పెట్టే చోటే ఉండదు. పుల్ల కాస్త పొడవైతే బద్ద టప్పున విరుగుద్ది. ఆ చప్పుడు వినపడితే చాలు, మేం పిల్లలం అక్కడ నుంచి మాయం. మా నాయన కోపం అంత మంచిది కాదు.

కాగితం అంటించడం ఆడపిల్లల పని. మైదా ఉడకబెట్టి, అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్లం. లేకపోతే తెల్లారేసరికి బొద్దింకలూ ఎలుకలూ కలిసి పండగ చేసుకునేవి. ఎర్ర గాలిపటం కాగితం కొనలకి, పసుపుపచ్చది మధ్యకి. కింద ఒక మూల అంటించకుండా వదిలేస్తే అదే తలుపు. అందులోంచి చెయ్యి దూర్చి సీసా మూతలో నిలబెట్టిన కొవ్వొత్తి లోపల పెట్టాలి. నా చెయ్యి సన్నంగా ఉండేదని నా పనే అది. రెండేళ్లకొకసారి నక్షత్రం తగలబడేది. తగలబడ్డప్పుడు చూడాలిరా, ఒక్క క్షణం అంత వెలుగు! మా నాయన అరిచేవాడు గానీ, మాకు లోపల సంతోషంగానే ఉండేది.

క్రిస్మస్ చెట్టంటే ఇదిగో, ఇప్పుడు మంటలో వేశావే, ఆ సరుగుడు కొమ్మే. సముద్రం ఒడ్డున తోటలు కదా, ఒక కొమ్మ తెచ్చి ఇసక పోసిన కుండలో పాతేవాళ్లు. దాని మీద పత్తి పింజలు. పత్తి ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు. పెద్దోళ్లు పెట్టమన్నారు, పెట్టేవాళ్లం. ఉప్పని ఎవరన్నా చెప్పి ఉంటే పోయేది.

అరిసెలు ఇరవయ్యో తారీకు నుంచి. ఐదిళ్ల వాళ్లు ఒక జట్టు. నానబెట్టిన బియ్యం తడి ఆరీ ఆరకముందే రోట్లో పోసి ఇద్దరు చెరో రోకలితో దంచుతా ఉంటే, మూడో మనిషి జల్లించేది. ఆ రోకటి దెబ్బల మీదే పాటలు నేర్చుకునేవాళ్లం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు రాగం, తాళం కట్టి ఉంటాయి కదా, అవి దంపుడుకి ఎంత బాగా కుదిరేవో. చదువు రాని మా పెద్దమ్మకి ముప్పై కీర్తనలు నోటికి వచ్చు. పుస్తకం చేతిలో పెడితే తలకిందులుగా పట్టుకునేది, పాట మాత్రం అక్షరం పోయేది కాదు.

పాకం దగ్గర మాత్రం ఎవరూ మాట్లాడకూడదు. నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే ఉండ కట్టాలి, పళ్లెం మీద కొడితే చప్పుడు రాకూడదు. ముదిరితే రాయి, లేతైతే నూనెలో విచ్చిపోద్ది. మా అమ్మ తొలి వాయి తియ్యగానే నాలుగు అరిసెలు పక్కన పెట్టేది. అవి బడి పంతులుగారికి. ఊళ్లో రైతుల ఇళ్లకి మాత్రం వండినవి పోయేవి కాదు. పండక్కి పెట్టాలని మనసుంటే బియ్యం, బెల్లం అచ్చు పచ్చివే పళ్లెంలో పెట్టి వాకిట్లో ఇచ్చి రావాలి. మా చేతి వంట వాళ్లు తినరు. అదేమంటే ఆచారం. ఇప్పుడు తింటన్నారులే, అడిగి మరీ తింటన్నారు. ఫలానా రోజు నుంచి తింటామని ఎవరూ చాటింపు వెయ్యలేదు, మెల్లగా మొదలుపెట్టారు.

గుడ్డల ముచ్చట త్వరగా చెప్తా, ఎందుకంటే అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుద్ది. ఇంటికంతా ఒకటే తాను. అన్నకి చొక్కా, నాకూ చెల్లికీ గౌన్లు, మిగిలిన ముక్కతో దిండుగలీబు. ఎక్కడ నిలబడ్డా మా ఇంటోళ్లని గుర్తుపట్టొచ్చు. దర్జీ అందరి గుడ్డలూ తీసుకునేవాడు, ఎవరివీ ఇచ్చేవాడు కాదు. ఒక ఏడు ఇరవై నాలుగో తారీకు రాత్రి నా గౌను ఇచ్చాడు, కాజాలు లేవు, గుండీలు లేవు. వెనకాల తుమ్మముల్లు గుచ్చుకుని పాటలకి పోయాను. వంగితే ముల్లు, నిటారుగా నిలబడితే గాలి.

ఆ గౌను ఏటే జరిగింది నేను చెప్పబోయేది. అయితే దానికి ముందు డప్పు సంగతి తెలియాలి మీకు.

మా నాయనమ్మ వాళ్లమ్మ ధాత కరువు చూసిన మనిషి. 1876 నుంచి 78 దాకా వచ్చిందే, ఆ కరువు. వానల్లేక, తిండి లేక జనం దారుల పక్కనే రాలిపోయారు. అప్పుడు ఒంగోలులో బాప్తిస్టు మిషన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క గుత్తకి తీసుకుని మన వాళ్లకి పని చూపించారు. తవ్వినవాళ్లకి కూలి. మా ముత్తవ్వ పదేళ్ల పిల్ల, మట్టిగంప మోసింది. కరువులో ఉన్నన్నాళ్లు దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం వస్తన్నారంటారని. కరువు తీరాక ఇక ఆపలేకపోయారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. మన బోధకులే, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలిసిపోతే మారుతా ఇచ్చారట. అందులో మా వాళ్లూ ఉన్నారు.

మనది తోలు పని చేసే పల్లె. చెప్పులు కుట్టేదీ మనమే, డప్పు కట్టేదీ మనమే, కొట్టేదీ మనమే. దేవుణ్ణి నమ్ముకున్న వాళ్లకి దొర మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. మొక్కకూడదన్నప్పుడు జాతరకి డప్పు ఎట్టా కొడతారు? కొట్టం అన్నారు మనవాళ్లు. దానికి ఊరివాళ్లతో పెద్ద గొడవలే అయ్యాయి. పనులు మాన్పించారు, బావుల దగ్గరికి రానివ్వలేదు. అంత కష్టపడి వదిలించుకున్న డప్పు కాబట్టి గుడి పెద్దలకి అదంటే ఒళ్లుమంట. కంజీర పర్లేదు, తాళాలు పర్లేదు, డప్పు మాత్రం గుడి ఛాయలకి రాకూడదు. వాళ్ల బాధ నాకు అర్థమవుద్ది. కానీ డప్పేం పాపం చేసింది? కొట్టించినోళ్లది గానీ.

మా పెదనాయన దగ్గర ఒకటి ఉండేది. అటక మీద, గోనెసంచిలో. ఎప్పుడూ దించేవాడు కాదు. ఏడాదికొకసారి నూనె గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టేవాడు, అంతే.

ఇక ఆ రాత్రి. నాకు పది, పదకొండేళ్లు. ఇరవై నాలుగో తారీకు అన్నాలు తిని గుడి దగ్గర చేరాం, ముప్పై మందిమి. పల్లెలో ఇల్లిల్లూ పాడి, ఆ తర్వాత పొలాల్లో కళ్లాల దగ్గరికి పోవడం రివాజు. రైతులు కోసిన వరి కుప్పలకి కాపలాగా అక్కడే పడుకునేవాళ్లు కదా, వాళ్లకి పాట పాడితే చాటెడో, గంపెడో వడ్లు పోసేవాళ్లు. మర్నాడు గుడి దగ్గర అందరికీ భోజనం ఆ వడ్లతోనే. అంటే ఆ రాత్రి కళ్లాలు తిరగకపోతే మర్నాడు పొయ్యి వెలగదు.

పెట్రోమాక్స్ లైటు ఒంగోలు నుంచి అద్దెకి తెచ్చారు. మా అన్న నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని దాన్ని మోస్తన్నాడు. ముందు లైటు, దాని వెనక నక్షత్రం, వెనక పాడేవాళ్లు, అందరికన్నా వెనక మేం పిల్లలం. మంచు దిగింది. పది అడుగుల అవతల మనిషి కనపడడు. గట్టు మీద నడుస్తా ఉంటే మా అన్న కాలు జారింది. పడలేదు, నిలదొక్కుకున్నాడు. కానీ మాంటిల్ ఉంటదే, ఒకసారి వెలిగించాక అది బూడిదే, ఊదితే పోద్ది. ఆ కుదుపుకి రాలిపోయింది. గుప్పుమని చీకటి. నక్షత్రంలో కొవ్వొత్తి అప్పటికే గాలికి ఆరిపోయింది. ఇంకో మాంటిల్ తెచ్చానన్నాయన జేబులు తడుముకుని, ఇంటి దగ్గర మర్చిపోయానన్నాడు.

కిరసనాయిలు వాసన, మంచు, చీకటి. అటు కాలువ, ఇటు బురద మడి. నా చెల్లి ఏడుపు లంకించుకుంది. పాట ఆగిపోయింది. పెద్దోళ్లు వెనక్కి పోదామంటన్నారు, వెనక్కి ఎటో కూడా ఎవరికీ తెలియడం లేదు.

అప్పుడు చెకుముకి... కాదు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు. మా పెదనాయన గట్టు మీద కూర్చుని పిడికెడు వరిగడ్డి అంటించాడు. చలికి కప్పుకున్నాడనుకున్న గోనెసంచి వీపు మీద నుంచి దించి, అందులోంచి డప్పు తీశాడు. ఆ మంటకి పట్టి అటూ ఇటూ తిప్పుతా కాచాడు. మంచుకి మెత్తబడ్డ తోలు కాస్త కాస్త బిగుసుకుంటా ఉంటే వేలితో తట్టి చూస్తన్నాడు. మొదట దబ్బు, దబ్బు అంది. తర్వాత ఖంగుమంది.

గుడి పెద్ద ఒకాయన అడిగాడు, "ఏందయ్యా అది?" అని.

"పాటకి కాదయ్యా, దారికి" అన్నాడు మా పెదనాయన.

ఎవరూ మారు మాట్లాడలేదు. కుడిచేతిలో సిర్ర, ఎడంచేతిలో సిటికెన పుల్ల. ఒక దెబ్బ వేసి నాలుగడుగులు నడుస్తాడు, మళ్లీ దెబ్బ. ఆయనకి ఆ గట్లన్నీ పాదాలతో తెలుసు. మేం ఒకరి కొంగు ఒకరం పట్టుకుని ఆ చప్పుడు వెంబడే నడిచాం. కాసేపటికి ఎవరో మెల్లగా పాట ఎత్తారు. దెబ్బలు దగ్గర పడ్డాయి. మొదటి కళ్లం చేరేసరికి పాటేదో దరువేదో తెలియకుండా కలిసిపోయాయి. నా వీపున ముల్లు గుచ్చుకుంటానే ఉంది, నేను గట్టిగా పాడతానే ఉన్నాను.

కళ్లంలో రైతు కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. అర్ధరాత్రి డప్పు వినపడిందంటే ఆ రోజుల్లో ఒకటే అర్థం. "ఎవరు పోయారురా?" అని అరిచాడు.

"ఎవరూ పోలేదు సామీ, పుట్టారు" అన్నాడు పెదనాయన.

ఆ రైతు నవ్వి రెండు గంపల వడ్లు కొలిచి పోశాడు. ఆ ఏడు వచ్చినన్ని గింజలు అంతకుముందెప్పుడూ రాలేదు.

పండగైన వారానికి గుడి పెద్దలు కూర్చున్నారు. పెద్ద చర్చ. చివరికి తీర్మానం రాశారు, పాటలకి పోయేటప్పుడు దారిలో డప్పు కొట్టుకోవచ్చు, గుడి గడప మాత్రం దాటకూడదు అని. ఆ రోజు నుంచి మా పెదనాయన ప్రతి క్రిస్మస్‌కి వేపచెట్టు కింద డప్పు ఆనించి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. ఆ తీర్మానం ఎవరూ కొట్టెయ్యలేదు. ఇప్పుడు మీ గుళ్లో ఆ కుర్రాడు కీబోర్డు మీద మీట నొక్కితే డప్పు మోగుతంది, అది మాత్రం గడప దాటింది.

తర్వాత తర్వాత అన్నీ మారాయిలే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది చూడు, ఆ ఏడు కళ్లాల్లో పోసిన గింజలు మేం వండుకోలేదు, పాత గుడ్డలతో కలిపి దివిసీమకి పంపించాం. మరుసటేడు, 1978లో, కరుణామయుడు సినిమా వచ్చింది. బండ్లు కట్టుకుని ఒంగోలు పోయి చూశాం. అప్పటి నుంచి మా నాటకంలో యోసేపు కూడా విజయచందర్ లాగా జుట్టు పెంచాడు. జ్ఞానుల కిరీటాలకి మాత్రం అప్పుడూ ఇప్పుడూ సిగరెట్టు పెట్టెల్లో వెండి కాగితమే.

ఇంకొకటి కూడా మారలేదు, అది మీరూ చూస్తారు. జనవరి ఒకటిన చీకటితోనే లేచి ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కడం. 1854లో అదే తారీకున తెల్లవారుజామున జ్యూయెట్ దొర, దొరసాని, మన తెలుగువాళ్లు కొందరు ఆ కొండ మీద మోకరించారు. అప్పటికి ఒంగోలులో సంఘమే లేదు. మేం పల్లె నుంచి అర్ధరాత్రి బయలుదేరి నడిచేవాళ్లం. ఎక్కి కూర్చున్నాక తూర్పున సముద్రం వైపు తెల్లారేది. మా పండగ అక్కడితో అయిపోయేది. దిగి వచ్చి మళ్లీ కోతకి.

సరే, మంట తగ్గుతంది. చిన్నోడా, నీకు పనుంది. నా మంచం కింద ట్రంకుపెట్టె వెనకాల గోనెసంచి ఉంటది. పెదనాయన పోయాక మా అన్న దగ్గర, అన్న పోయాక నా దగ్గర ఉంటంది. మెల్లగా తీసుకురా, ఈడ్చొద్దు, చట్రం పాతది. రేపటి నుంచి పాటలకి పోతారు కదా. నిప్పులు ఆరకముందే దాన్ని కాయాలి.